చలికాలం టెంట్‌లో కరివేపాకు: ఏ ఫ్యాన్ కొనాలి, గాలి ఎటు వదలాలి

న్యూజెర్సీలోనో మిషిగన్‌లోనో ఎండాకాలమంతా డెక్ మీద గుబురుగా పెరిగిన కరివేపాకు కుండీ, రాత్రి ఉష్ణోగ్రత 50 డిగ్రీల దరిదాపుల్లోకి దిగేసరికి ఇంట్లోకి రావాల్సిందే. (ఇక్కడ డిగ్రీలన్నీ ఫారెన్‌హీటే, అక్కడి థర్మోస్టాట్‌లు చూపేవి అవే కాబట్టి.) కిటికీ పక్కన పెడితే చాలాసార్లు క్రిస్మస్ నాటికి ఆకంతా రాల్చి పుల్లలే మిగులుతాయి. అందుకే బేస్‌మెంట్‌లో 2×4 అడుగుల గ్రో టెంట్ (మొక్కల కోసం జిప్‌తో మూసే గుడ్డ గుడారం) వేసి, ఎల్ఈడీ లైటు కట్టి, కరివేపాకుతో పాటు తులసి, మల్లె, గోంగూర అందులోనే సర్దేస్తుంటారు. లైటు విషయంలో పొరపాట్లు తక్కువే. తేడా కొట్టేది ఫ్యాన్ దగ్గర.

టెంట్, ఫ్యాన్, కార్బన్ ఫిల్టర్ (వాసన పీల్చేది), డక్ట్ (గాలి గొట్టం) కలిపి అమ్మే కిట్లు ప్రధానంగా గంజాయి పెంచేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని కూర్చినవి. వాళ్ళకు పెద్ద లైట్లు, వాటి వేడి, బయటికి పొక్కకూడని వాసన. కరివేపాకుకు ఈ బాధలేవీ లేవు. దాని బాధలు వేరు: చల్లటి గది, హీటర్ వల్ల పొడిబారిన గాలి. కాబట్టి ఈ టెంట్‌కు గాలి తక్కువై జరిగే నష్టం కన్నా ఎక్కువై జరిగే నష్టమే పెద్దది. కింద చెప్పే ఎంపికలన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి.

ముందు ఎంత గాలి కావాలో లెక్క

ఫ్యాన్ పెట్టె మీద ఉండే సీఎఫ్ఎం అంటే నిమిషానికి అది లాగే గాలి ఘనపు అడుగుల్లో. టెంట్‌లోని గాలంతా నిమిషానికోసారి మారాలన్నది అందరూ చెప్పే సూత్రం. 2×4 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తున్న టెంట్‌లో 48 ఘనపు అడుగులు ఉంటాయి కాబట్టి 48 సీఎఫ్ఎం. ఇది మోటు లెక్క. లైటు వేడి నుంచి లెక్కేస్తేనే అసలు సంగతి తెలుస్తుంది: లైటు వాట్లను 3.16తో హెచ్చించి, గది కన్నా టెంట్ ఎన్ని డిగ్రీలు వెచ్చగా ఉండాలో దానితో భాగిస్తే కావాల్సిన సీఎఫ్ఎం వస్తుంది.

బేస్‌మెంట్ 65 డిగ్రీలు, టెంట్‌లో 75 కావాలి, లైటు 150 వాట్లు అనుకుందాం. 3.16 × 150 ÷ 10 = 47 సీఎఫ్ఎం. టెంట్ గుడ్డ నుంచి కూడా కొంత వేడి పోతుంది కాబట్టి నిజానికి ఇంతకన్నా తక్కువే చాలు. ఇక అదే టెంట్‌కు 200 సీఎఫ్ఎం ఫ్యాన్ తగిలించి పూర్తి వేగంతో తిప్పితే? గదికీ టెంట్‌కూ తేడా రెండు డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. లైటు ఉన్నా మొక్క 66, 67 డిగ్రీల దగ్గరే ఉండిపోతుంది. రాత్రికి ఇంకా పడిపోతుంది. 60 దిగితే కరివేపాకు చిగురు ఆపేస్తుంది, అలాగే కొనసాగితే ఆకు రాలుస్తుంది. పోషకాల లోపమనుకుని ఎరువు పోయడం, నీళ్ళు ఎక్కువ పోసి వేరు కుళ్ళబెట్టడం తరవాతి అంకాలు.

తేమ సంగతీ ఇంతే. 65 డిగ్రీల దగ్గర 35 శాతం తేమ ఉన్న బేస్‌మెంట్ గాలి టెంట్‌లోకి వచ్చి 75 డిగ్రీలకు వేడెక్కితే దాని తేమ 25 శాతానికి పడిపోతుంది. ఆకులు, తడిమట్టి వదిలే ఆవిరే దాన్ని తిరిగి 45, 50 దాకా లేపాలి. ఫ్యాన్ జోరుగా తిరుగుతుంటే ఆ ఆవిరి నిలిచే వ్యవధే ఉండదు. ఎర్రనల్లికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు కూడా. వెచ్చగా, పొడిగా ఉన్న టెంట్‌లో ఆకు అడుగున సన్నటి బూజుగూడులా దారాలు కనిపించాయంటే, మందు కన్నా ముందు చూడాల్సింది ఫ్యాన్ వేగాన్నే.

మొక్కకు కార్బన్ డయాక్సైడ్ సరిపోదేమో అన్న భయం అక్కర్లేదు. మనుషులు తిరిగే ఇంట్లో అది బయటి గాలిలో కన్నా ఎక్కువే ఉంటుంది. నెమ్మదిగా లోపలికి వచ్చే గాలే సరిపోతుంది.

ఏ ఫ్యాన్

2×2 అడుగుల, 4 అడుగుల ఎత్తు బుల్లి టెంట్, అందులో 65 వాట్ల లైటు, తులసి, కొత్తిమీర, కరివేపాకు పిల్ల మొక్కలు: ఎగ్జాస్ట్ ఫ్యాన్ కొనకండి. పై రంధ్రం తెరిచి, కింది జాలి కిటికీ తెరిచి, పగలు జిప్ ఆరంగుళాలు తీసి ఉంచితే వేడిగాలి దానంతటదే పైకి పోతుంది. వేడి తట్టుకోలేకపోతే 120 మిల్లీమీటర్ల కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి పై రంధ్రానికి బిగించి 12 వోల్టుల అడాప్టర్‌తో తిప్పండి. ఇలాంటి ఫ్యాన్లలో చాలావాటి మీద 50 నుంచి 70 సీఎఫ్ఎం అని ఉంటుంది. అది ఎదురు లేనప్పటి మాట. డక్ట్ తగిలించారా, సగం గాలి కూడా దాటదు. వీటికి ఒత్తిడికి ఎదురు నిలిచే శక్తి తక్కువ. డక్ట్ మధ్యలో ఇరికించే చవక బూస్టర్ ఫ్యాన్లదీ ఇదే కథ. పెట్టె మీద 100 సీఎఫ్ఎం అని ఉన్నా, వాటిని నమ్ముకుని ఫిల్టర్ పెట్టిన టెంట్ గాలాడదు.

2×4 టెంట్‌కు పోలిక మూడింటి మధ్య.

మామూలు ఏసీ మోటార్ (ఇంటి కరెంటుతో నేరుగా తిరిగేది) ఉన్న 4 అంగుళాల ఇన్‌లైన్ ఫ్యాన్ (డక్ట్ వరసలో ఇమిడేది) ధర తక్కువ. దీన్ని థర్మోస్టాట్ ప్లగ్‌కు తగిలిస్తే వేడెక్కినప్పుడు తిరిగి, చల్లబడ్డాక ఆగుతుంది. పని జరుగుతుంది కానీ తిరిగిన ప్రతిసారీ పూర్తి జోరే. పొడిగాలి ఒక్కసారిగా లోపలికి దూకుతుంది, ఐదు నిమిషాలకు ఆగుతుంది, మళ్ళీ మొదలు. తేమ ముల్లు పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. వేగం తగ్గించడానికి గోడకుండే లైట్ డిమ్మర్ వాడారంటే మోటార్ గుయ్యిమని మోగి వేడెక్కుతుంది, త్వరగా కాలిపోతుంది కూడా. ఆ ఫ్యాన్ కోసమే చేసిన స్పీడ్ కంట్రోలర్ కొనాలి. అది కొంటే ఆదా చేసిన డబ్బులో సగం అక్కడే పోతుంది.

ఈసీ మోటార్ (ఎలక్ట్రానిక్స్‌తో వేగం మార్చుకునేది) ఉన్న 4 అంగుళాల ఫ్యాన్, ఉష్ణోగ్రత-తేమ సెన్సార్ ఉన్న కంట్రోలర్‌తో: దీనికే మా ఓటు. పూర్తి వేగంలో సుమారు 200 సీఎఫ్ఎం ఇచ్చి 30 వాట్ల లోపే తింటుంది. పది మెట్ల వేగంలో రెండో మెట్టు మీద ఉంచితే మన 47 సీఎఫ్ఎంకు దగ్గరగా వస్తుంది, చప్పుడూ వినిపించదు. ముఖ్యంగా ఇది ఆగకుండా, మెల్లగా తిరుగుతుంది. టెంట్‌కు కావాల్సిందీ ఆ నిలకడే.

6 అంగుళాల ఫ్యాన్ తీసుకుని తగ్గించి తిప్పొచ్చుగా అని చాలామంది అడుగుతారు. ఇది 350 నుంచి 400 సీఎఫ్ఎం ఫ్యాన్. పదిలో మొదటి మెట్టు మీదే దాదాపు 40 లాగుతుంది. అంటే మీకు తగ్గించుకోవడానికి ఇంక మెట్టు లేదు, రాత్రి 20 సీఎఫ్ఎం కావాలన్నా కుదరదు. బరువెక్కువ, చిన్న టెంట్ కడ్డీ వంగుతుంది. ఇది పనికొచ్చేది 4×4 టెంట్‌కు, 400 వాట్ల లైటుకు: అక్కడ 126 సీఎఫ్ఎం కావాలి, డక్ట్ వంపులు తినేది కలుపుకుంటే 4 అంగుళాలది గోల పెడుతూ తిరగాలి, 6 అంగుళాలది సగం వేగంలో నిశ్శబ్దంగా లాగేస్తుంది. నాలుగైదు పెద్ద కరివేపాకు చెట్లున్నవాళ్ళకు తప్ప ఆ స్థాయి అక్కర్లేదు.

కార్బన్ ఫిల్టర్ కిట్‌లో వచ్చినా పెట్టెలోనే ఉంచండి. గాలిలో పాతిక శాతమో అంతకన్నా ఎక్కువో తినేస్తుంది. కరివేపాకు వాసన ఇల్లంతా వస్తే కాదనేవాళ్ళెవరు?

గాలి గదిలోకా, బయటికా

కిటికీకి చెక్క బిగించి, రంధ్రం కోసి, డక్ట్ బయటికి పెట్టడం పద్ధతి ప్రకారం చేసినట్టు కనిపిస్తుంది. చలికాలంలో మాత్రం అది దండగ పని. బయటికి పంపిన గాలికి బదులు అంతే చలిగాలి ఇంటి సందుల్లోంచి లోపలికి వస్తుంది, దాన్ని మళ్ళీ ఫర్నేస్ వేడి చేయాలి. బయట 20 డిగ్రీలు, ఇంట్లో 68 ఉన్నప్పుడు 100 సీఎఫ్ఎం బయటికి వదిలితే గంటకు సుమారు 5,200 బీటీయూ (వేడిని కొలిచే ప్రమాణం) పోతుంది, అంటే 1,500 వాట్ల రూమ్ హీటర్ ఒకటి ఆగకుండా వెలిగినంత. 150 వాట్ల లైటు పెట్టి 1,500 వాట్ల వేడి పారబోసుకోవడమన్నమాట.

అపాయం ఇంకొకటి ఉంది. బేస్‌మెంట్‌లో పొగగొట్టం ద్వారా సహజంగా పొగ వదిలే పాతరకం గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆ గదిలో పీడనం తగ్గించి పొగను వెనక్కి లాగొచ్చు. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. అలాంటి బేస్‌మెంట్‌లో గాలి బయటికి వదిలే ఏర్పాటు అసలు వద్దు. డిటెక్టర్ ఎలాగూ ఉండాల్సిందే. బట్టల డ్రయర్ గొట్టానికి టెంట్ డక్ట్ కలపడం కూడా తప్పే. దూది నూగు వెనక్కి వచ్చి ఫ్యాన్‌లో చుట్టుకుంటుంది, అది అంటుకునే సరుకు.

గదిలోకే వదిలితే వేడీ తేమా ఇంట్లోనే ఉంటాయి. మొక్కలకు పోసిన నీళ్ళలో దాదాపు అంతా ఆవిరై గాలిలో కలుస్తుంది. రోజుకు లీటరు పోస్తే లీటరు నీటి ఆవిరి ఇంటికి. పెదాలు పగిలే జనవరిలో అది ఇంటికి మేలే. ఒక్క హద్దు గుర్తుపెట్టుకోవాలి: పొద్దున్నే కిటికీ అద్దాల అడుగున నీళ్ళు కారుతుంటే గదిలో తేమ మించిందని అర్థం. అప్పుడు గది తలుపు తెరిచి పెట్టి తేమను ఇల్లంతా పంచండి, దానికీ లొంగకపోతే ఆ రోజులకు మాత్రం డీహ్యూమిడిఫయర్ (గాలిలో తేమ లాగేసే యంత్రం). టెంట్‌ను బయటి గోడకు ఆనించకూడదు. అరడుగు జాగా వదలకపోతే వెనక గోడ చెమ్మగిల్లి బూజు పడుతుంది, మార్చిలో టెంట్ విప్పేదాకా ఎవరికీ కనిపించదు.

బయటికి వదలడం తగిన సందర్భం వేసవిలోనూ టెంట్ నడిపేవాళ్ళకు. మే చివర్లో కుండీలు ఎలాగూ డెక్ ఎక్కుతాయి కాబట్టి కరివేపాకు పెంచేవాళ్ళలో చాలామందికి ఆ పని పడదు.

లోపలికి వచ్చే దారి

ఇంకో ఫ్యాన్ పెట్టి గాలి లోపలికి తోయాలా అంటే, ఈ సైజుకు అక్కర్లేదు. పైన ఒక మూల ఎగ్జాస్ట్, దానికి ఎదురు మూల కింద జాలి కిటికీ. తెరిచిన జాగా ఎగ్జాస్ట్ రంధ్రానికి రెండు మూడు రెట్లుండాలి. 4 అంగుళాల రంధ్రం వైశాల్యం పన్నెండున్నర చదరపు అంగుళాలు, కాబట్టి 4×10 అంగుళాల కిటికీ ఒకటి తెరిస్తే ఎక్కువే. జాలికి దుమ్ము పట్టి సగం మూసుకుపోతుంది, నెలకోసారి వాక్యూమ్ పెట్టాలి. టెంట్ గోడలు కాస్త లోపలికి పీల్చుకున్నట్టుంటే సరి. కుండీని తాకేంతగా లోపలికి వంగితే దారి చాలట్లేదు, లేదా ఫ్యాన్ జోరెక్కువ. బయటికి ఉబ్బితే ఫ్యాన్ తిరగేసి బిగించారు: దాని మీదున్న బాణం చూడండి.

అగరుబత్తి వెలిగించి, టెంట్ బయట కింది కిటికీకి జానెడు దూరంలో పట్టుకోండి. పొగ నెమ్మదిగా వంగి లోపలికి పోవాలి. నిటారుగా లేస్తే గాలి కదలట్లేదు, సూదిలా దూసుకుపోతే వేగం తగ్గించండి. జిప్పుల వెంట, వైరు రంధ్రాల దగ్గర కూడా తిప్పి చూస్తే దొంగ సందులు బయటపడతాయి. గుడ్డకు మాత్రం నిప్పు తగలనీయకండి.

లోపలి ఫ్యాన్

ఎగ్జాస్ట్ గాలి మారుస్తుంది కానీ ఆకుల మధ్య గాలిని కదిలించదు. దానికి 6 అంగుళాల క్లిప్ ఫ్యాన్ వేరుగా కావాలి, 24 గంటలూ తక్కువ వేగంతో. మొక్క మీదికి సూటిగా కాకుండా, తలల పైనుంచి ఎదుటి గోడకు తగిలి తిరిగొచ్చేలా పెట్టాలి. కొలత సులభం: రెమ్మ చివరి ఆకులు వణకాలి, కొమ్మ ఊగకూడదు. ఫ్యాన్ వైపున్న ఆకుల అంచులే మాడి, వెనకవైపు పచ్చగా ఉంటే తప్పు క్లిప్ ఫ్యాన్‌ది. చుట్టూ ఒకేలా మాడుతుంటే పొడిగాలో, నీళ్ళ తేడానో. తిరిగే ఫ్యాన్ అయితే ఇంకా మంచిది కానీ చవక రకాల్లో తిరిగే గేరు ఒక సీజన్‌కే అరిగిపోతుంటుంది.

హ్యూమిడిఫయర్‌తో కుస్తీ

బేస్‌మెంట్ గాలి 30 శాతం లోపుంటే ఫ్యాన్ తగ్గించినా చాలకపోవచ్చు. హ్యూమిడిఫయర్ (గాలికి తేమ పట్టించే యంత్రం) టెంట్ లోపల పెడితే అది పోస్తుంటే ఫ్యాన్ తోడేస్తుంటుంది. రెండింటికీ ఒకే అంకె పెట్టకూడదు. హ్యూమిడిఫయర్ 50 దగ్గర ఆగేలా, ఫ్యాన్ 65 దాటితేనే వేగం పెంచేలా పెట్టండి, మధ్యలో ఎవరూ కదలని జాగా ఉండాలి. అల్ట్రాసోనిక్ రకంలో (నీటిని సన్నటి తుంపరగా చిమ్మేది) కుళాయి నీళ్ళు పోస్తే ఆకుల మీదా లైటు మీదా తెల్లటి పొడి పేరుకుంటుంది. డిస్టిల్డ్ నీళ్ళు పోయలేకపోతే ఒత్తి తడిసి ఆవిరయ్యే రకం కొనండి. దాన్ని టెంట్ బయట కింది కిటికీ పక్కన పెడితే ఇంకా కుదురుగా ఉంటుంది.

లైటు ఆరినప్పుడే అసలు చిక్కు. 75 డిగ్రీల దగ్గర 60 శాతం తేమ ఉన్న గాలి, 60 డిగ్రీలకు చల్లబడితే మంచుబిందువు (గాలిలోని ఆవిరి నీళ్ళుగా మారే ఉష్ణోగ్రత) దగ్గరికి వచ్చేస్తుంది: ఆకుల మీద, గుడ్డ మీద నీళ్ళు పడతాయి. తులసి ఆకుల మీద నల్ల మచ్చలు, మట్టి మీద బూజు ఇలా వచ్చేవే. అందుకని హ్యూమిడిఫయర్‌ను లైటు టైమర్‌కే కలపండి, లైటు ఆరడానికి గంట ముందే ఆగేలా అయితే మరీ మంచిది. ఎగ్జాస్ట్ మాత్రం రాత్రి ఆపొద్దు, మొదటి మెట్టు మీద తిరగనివ్వండి. వేర్లకు చలి అనిపిస్తే కుండీ కింద థర్మోస్టాట్ ఉన్న హీట్ మ్యాట్ పరవండి. టెంట్ లోపల రూమ్ హీటర్ వద్దే వద్దు.

కొలిచే సాధనం, బిగింపు

తేమమాపకం ఆకుల ఎత్తులో, లైటు సూటిగా పడని నీడలో వేలాడాలి. నేల మీద పెడితే పది శాతం అబద్ధం చెప్పినా ఆశ్చర్యం లేదు. అసలది నిజం చెబుతోందా అని చూడటానికి సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దయ్యేలా నాలుగు చుక్కల నీళ్ళు వేసి, మాపకంతో పాటు జిప్ కవర్‌లో మూసి రాత్రంతా ఉంచండి. 75 చూపాలి. 70 చూపితే ఇక మీదట ఐదు కలుపుకుని చదవండి.

డక్ట్ ఆరేడడుగులు మించకుండా, ముడతలు లేకుండా బిగుతుగా లాగి, క్లాంపులతో బిగించండి. గుడ్డ టేపు ఎండి ఊడొస్తుంది, అల్యూమినియం ఫాయిల్ టేపు వేయండి. ప్రతి మలుపూ కొంత గాలి తింటుంది. గాలి గదిలోకే వదిలితే డక్ట్ అవసరమే అరుదు: ఫ్యాన్‌ను పై రంధ్రానికి వేలాడదీస్తే చాలు. కడ్డీకి నేరుగా కాకుండా రబ్బరు తాడుతో వేలాడదీయండి, లేకపోతే మోటార్ అదురు కడ్డీల గుండా గదంతా వినిపిస్తుంది. వైర్లు ప్లగ్ కన్నా కిందికి వంపు తిరిగి మళ్ళీ పైకెక్కేలా ఉంచితే జారిన నీటి చుక్క అక్కడే రాలిపోతుంది. పవర్ స్ట్రిప్ నేల మీద కాకుండా గోడకు బిగించండి, ప్లగ్ జీఎఫ్‌సీఐ రకమై (కరెంటు లీకైతే వెంటనే ఆపేసేది) ఉండాలి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో టెంట్ పెట్టేవాళ్ళు పైన చెప్పిందంతా తిరగేసి చదువుకోవాలి. అక్కడ ఏప్రిల్, మే నెలల్లో గది 95 డిగ్రీలుంటే ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా టెంట్ 95 కన్నా కిందికి దిగదు, ఎందుకంటే ఫ్యాన్ లోపలికి లాగేది ఆ గది గాలినే. 6 అంగుళాల ఫ్యాన్, లైటు డ్రైవర్‌ను (లైటుకు కరెంటు సరిచేసి ఇచ్చే, వేడెక్కే పెట్టె) టెంట్ బయట బిగించడం, లైటు రాత్రిపూట వెలిగించి పగలు ఆర్పడం, అదీ చాలకపోతే ఏసీ గది: ఆ క్రమంలో ఖర్చు పెట్టాలి. కరివేపాకుకైతే అక్కడ టెంటెందుకు, పెరట్లో నాటుకుంటే సరి.